కొన్సెక్ పేరున్న పాట

కరోలింకా కాలనీ, బిటోమ్
14 జూన్ 1981, ఆదివారం

ఒతీలియా అక్కకి,

నిన్న నీ రికార్డు మూలంగా ఒకడి పళ్ళు రెండు రాలగొట్టాను. వేరే ఎవరో చెవిలో వేస్తే నువ్వు గాభరా పడతావని నేనే ముందు చెబుతున్నాను.

మన తమ్ముడు రుఫిన్ పోయి మూడు నెలలైంది కదా, గని క్లబ్బులో మా బ్యాండు వాళ్ళం కూర్చుని నువ్వు పంపిన ఎజ్రా టాలివర్ బ్లూస్ రికార్డు పెట్టుకున్నాం. రుఫిన్ డ్రమ్ముల మీద గుడ్డ కప్పి అలాగే ఉంచాం. ముసలాయన గొంతు ఎత్తాడో లేదో, బిలియర్డ్స్ బల్ల దగ్గర ఒకడు, "ఈ అమెరికా తాతకి పిప్పిపన్నేమో, ఎవరైనా పీకండ్రా పాపం," అన్నాడు. పీకాను, వాడిది. పిడికిలి ఇంకా వాచే ఉంది. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

1971లో ఆయన కాటోవిట్సె వచ్చినప్పుడు మనం ముగ్గురం వెళ్ళాం, గుర్తుందా? హాలు నిండా గని వాళ్ళే, ఒక్కడికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఖైదీగా ఉన్నప్పుడు అలబామాలో తనచేత కూడా బొగ్గు తవ్వించారని దుభాషీ చెప్పగానే ఆరు వందల మంది బూట్లతో నేలను బాదారు. రుఫిన్ ఆ రోజే డ్రమ్ములు కొంటానన్నాడు. అయితే నాకు ఇప్పటికీ ఒకటి తెలియదు. ఆయన ప్రతి పాటలో తన పేరు తనే పిలుచుకుంటాడెందుకు, కొట్టు మీద బోర్డు రాయించుకున్నట్టు?

రుఫిన్ మీద నేనో పాట కట్టాను, మన యాసలోనే. "ఎవడో పంపాడు మా రుఫిన్‌ని, గ్యాసులోకి ఎవడో పంపాడు" అని మొదలవుతుంది. ఎవడో ఏమిటి, కాలనీలో అందరికీ తెలుసు. ఆ షిఫ్టు ఫోర్మన్ తెయోఫిల్ కొన్సెక్. గ్యాసు పేలి నలుగురు పోయారు, వాడికి చేతులు కాలాయంతే. ఫోర్మన్ పుస్తకంలో ఆ రోజు పేజీ చించేసి ఉంది. చించింది నేనేనని విచారణలో ఒప్పుకున్నాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. చివరికి ప్రకృతి కారణం అని రాసి మూసేశారు. మన రుఫిన్‌ని బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి అక్కా వాడు!

ఆ శనివారం నాలుగింటికి మా కచేరీ. గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఇంకా రాలేదేమిరా అని రుఫిన్‌ని బూతులు తిడుతూ కూర్చున్నాను. అప్పటికి వాడు పోయి మూడు గంటలైంది. ఆ తిట్లు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

గిటారు తీగలు, సబ్బు పంపు. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
ఆలోయ్జ్


బోఖుమ్
5 జూలై 1981

ఒరే రౌడీ లోయ్జిక్,

ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంకా క్లబ్బులో కొట్లాటలేమిట్రా? అమ్మ ఉంటే చీపురు తిరగేసేది. ఏ చెయ్యో రాయలేదు. ఎడమ చెయ్యి అయితే గిటారు సంగతి ఏమిటి? కుడి అయితే గని సంగతి ఏమిటి? తీగలు, సబ్బు, మీ బావ తరఫున పొగాకు పంపుతున్నాను. గెరార్డ్‌కి డాక్టరు పొగ మానమన్నాడు. అందుకే ఆయన పొగాకు నీకు వస్తోంది.

నీ పాట చదివాను. కోపం తెచ్చుకోకు, అది బ్లూస్ కాదు, జోలపాట. "ఎవడో పంపాడు" అంటే ఎవడు భుజాలు తడుముకుంటాడు? రెండేళ్ళ కిందట ఎసెన్‌లో ఎజ్రా ముసలాయన చివరిసారి పాడినప్పుడు నేను వెళ్ళాననీ, తెర వెనక్కి దూరి ఆయన చెయ్యి పట్టుకున్నాననీ చెప్పాను కదా. ఇక్కడి వాళ్ళు గుడిలో కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని వింటారు, చప్పట్లు మాత్రం తాళం తప్పి కొడతారు. నేను మటుకు బూట్లతో నేల బాదాను. అది విని ఆయనే నన్ను పిలిపించాడు. "బొగ్గు ఊరి దానివా?" అని అడిగాడు. నేను కూడా ఒకటి అడిగాను, ఆ కెప్టెన్ పేరు పాటలో ఎందుకు పెట్టావని. తన వీపు చీల్చిన కాపలా కెప్టెన్ పేరు, వాడి ఊరు, వాడి గుర్రం రంగు, అన్నీ ఆ పాటలో ఉన్నాయి. "నిన్ను గాయపరిచినవాడి పేరు పాటలో చెప్పాలమ్మాయ్. పేరు లేకపోతే అది ఏడుపు," అన్నాడు.

అదీ సంగతి. కొన్సెక్ పేరు పెట్టు. పెట్టడానికి భయమైతే ఆ పాట చింపెయ్, రుఫిన్ పేరు మీద ఏడుపు పాటలు వద్దు. నేను ఇక్కడ ఆసుపత్రి లాండ్రీలో రోజూ నెత్తుటి దుప్పట్లు ఉతుకుతున్నాను. ప్రతి దుప్పటిలో నాకు మన రుఫినే కనిపిస్తున్నాడురా.

మరదలు హిల్డాకి చెప్పు, రుఫిన్ పిల్లల బూట్ల కొలతలు పంపమని.

అక్క


కరోలింకా
20 సెప్టెంబర్ 1981

అక్కా,

పెట్టాను. పేరు, ఇంటి నంబరు, పుస్తకంలో చించిన పేజీ, కాలిన చేతులు, అన్నీ పెట్టాను. "తెయోఫిల్ కొన్సెక్ పంపాడు మా రుఫిన్‌ని." నన్ను పిరికివాడంటావా?

మార్కెట్ వెనక పాట కార్డులు చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళాం. పోస్టు కార్డు మీద గీతలు చెక్కి గ్రామఫోన్ మీద పెడితే పాడేలా చేస్తాడు కదా, ఆయనే. సముద్రపు బొమ్మలున్న కార్డులు తప్ప లేవన్నాడు. కాబట్టి మన రుఫిన్ పాట బీచిలో గొడుగుల మీద నుంచి వస్తుంది, నవ్వకు. యాభై చెక్కించాం, మూడు రోజుల్లో లేవు. నీకొకటి పంపుతున్నాను. లిఫ్టులో దిగుతూ పాడుతున్నారు, స్నానాల గదిలో పాడుతున్నారు, రొట్టెల వరసలో ఆడవాళ్ళు పాడుతున్నారు. ఎజ్రా ముసలాయన వింటే మెచ్చుకునేవాడు.

కొన్సెక్ ఒక్క మాట అనడు. నా ఎదురుగా వచ్చినా టోపీ ఎత్తి "దేవుడు తోడుండాలి" అని పలకరించి పోతాడు. ఆదివారాలు హిల్డా ఇంటికి బొగ్గు మోసుకెళ్తాడు, రుఫిన్ సమాధి దగ్గర పువ్వులు పెడతాడు. తప్పు చేయనివాడికి అంత అవసరమేమిటి? స్నానాల గదిలో అందరి ముందూ అడిగేశాను, "ఆ పేజీ ఎందుకు చించావో చెప్పు," అని. సబ్బు రుద్దుకుంటూ, "చెప్పను," అన్నాడు. కాలిన చర్మం ముడతలు పడి ఉంది. నాకు జాలి వెయ్యలేదు.

పోయినవారం ఎవరో వాడి పావురాల గూట్లోకి దూరి ఇరవై రెండు పావురాల మెడలు తిప్పేసి, గుమ్మం ముందు వరసగా పేర్చి వెళ్ళారు. పందేల పావురాలక్కా. వాటికి మాత్రం జాలేసింది. నేను కాదు, ఒట్టు.

ఆలోయ్జ్


బోఖుమ్
18 అక్టోబర్ 1981

లోయ్జిక్,

కార్డు చేరింది. నాలుగుసార్లు విని నాలుగుసార్లూ ఏడ్చాను. గెరార్డ్ ఐదోసారి పెట్టాడు, ఆయనా ఏడ్చాడు, పొగ వల్లనట. పిరికివాడివని ఇక అనను. కాని ఆ పావురాల పని ఏ వెధవ చేశాడో వాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించు. పక్షులు ఏం చేశాయి?

సమాధి దగ్గర పువ్వులంటావా, మనసు పొడుస్తుంటే పెట్టక ఏం చేస్తాడు? పొడవనీ.

నవంబరు చివరి ఆదివారం మన వైపు నుంచి వచ్చిన వాళ్ళందరినీ మా ఇంటికి పిలుస్తున్నాను. గుంట పెట్టిన దుంప ఉండలు, మాంసం చుట్టలు చేస్తాను. మన హుబెర్ట్ కూడా వేసవిలో ఇక్కడికి వచ్చేశాడు, తెలుసా? ఆ రోజు రుఫిన్ పక్కనే ఉండి బతికినవాడు. ముఖం సగం కాలిపోయింది, ఎవరింటికీ రాడు. బతిమాలి పిలుస్తున్నాను. పాట వింటే కాస్త మనసు తేలికపడుతుంది పాపం.

అక్క


బోఖుమ్
29 నవంబర్ 1981

తమ్ముడూ,

ఈ ఉత్తరం అందగానే ఆ పాట ఆపు. మిగతాది తర్వాత చదువు. ముందు వెళ్ళి ఆపు.

ఇవాళ భోజనాలయ్యాక కార్డు పెట్టాను. పద్దెనిమిది మంది ఉన్నారు. కొన్సెక్ పేరు వచ్చేసరికి అందరూ బూట్లతో నేల బాదారు. హుబెర్ట్ లేచి గ్రామఫోన్‌ని కాలితో తన్నాడు. అది గోడకి కొట్టుకుని ముక్కలైంది. ఆపబోయిన గెరార్డ్ గొంతు పట్టుకుని అల్మరాకి అదిమేశాడు, పళ్ళేలన్నీ కిందపడ్డాయి. "ఎవర్రా కట్టింది ఈ పాట? ఎవర్రా?" అని అరుస్తున్నాడు. నేను కుండ మూతతో వాడి తల మీద కొడితే గాని వదల్లేదు. తర్వాత వంటింట్లో నేల మీద కూర్చుని, నెత్తురు తుడుచుకుంటూ చెప్పాడు.

ఆ రోజు కొన్సెక్ పదకొండింటికి వచ్చి పని ఆపమన్నాడు. గ్యాసు పెరుగుతోందని పుస్తకంలో రాసి, పైకి ఫోన్ చెయ్యడానికి వెళ్ళాడు. ఆయన మలుపు తిరగగానే మన రుఫిన్ తన కోటు విప్పి, గ్యాసు పసిగట్టే పెట్టె మీద కప్పాడు. పెట్టె మోగితే కరెంటు పోతుంది, పని ఆగుతుంది, మళ్ళీ గాలి చూసి వదిలేసరికి సాయంత్రమవుతుంది. "వద్దురా," అన్నాడట హుబెర్ట్. "ఇంకో రెండు బళ్ళు నింపితే అయిపోతుంది. రెండింటికి పైకి వెళ్ళకపోతే మా లోయ్జిక్ నా తోలు తీస్తాడు. నాలుగింటికి కచేరీకి రాకపోతే ఇక మొహం చూపించకన్నాడు," అన్నాడట.

ఆ మాట నువ్వు అన్నావా?

పేలాక మంటల్లోకి మళ్ళీ దూరింది కొన్సెక్. హుబెర్ట్‌ని ఈడ్చుకొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. రుఫిన్ కోసం అనుకున్నాడు హుబెర్ట్. కాలిపోతున్న కోటు చేత్తో పట్టుకుని వచ్చాడట. చేతులు అలా కాలాయి. "నువ్వు ఏమీ చూడలేదు," అన్నాడట. తప్పు చనిపోయినవాడిదే అని తేలితే హిల్డాకి పింఛను రాదు. పని ఆపమన్నట్టు పుస్తకంలో ఉంటే రుఫిన్ మాట వినలేదని తేలుతుంది. తనని కాపాడే ఒకే ఒక్క కాగితాన్ని ఆయనే చించేశాడు లోయ్జిక్. మనం దానికి పాట కట్టాం.

గని వాళ్ళ బార్బరమ్మ పండుగ శుక్రవారమేనని, అక్కడ నువ్వు ఆ పాట పాడతావని నాకు తెలుసు. ఈ ఉత్తరం అప్పటికి అందదేమోనని టెలిఫోన్ ఆఫీసులో మూడు గంటలు కూర్చున్నాను. లైను దొరకలేదు. రేపు మళ్ళీ వెళ్తాను. ఇది మాత్రం ఎవరికీ చూపించకు.

ఒతీలియా


కరోలింకా
6 డిసెంబర్ 1981

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఎందుకు రాయవు?

శుక్రవారం బార్బరమ్మ పండుగ జరిగింది. తెల్లవారగానే ఎర్ర ఈకల టోపీలతో బ్యాండు వాళ్ళు వీధివీధికీ తిరిగి వాయించారు. నాలుగింటికి క్లబ్బులో బీరు విందు. రెండు వందల మంది ఎడమ బల్లలు, కుడి బల్లలుగా చీలి ఒకరి మీద ఒకరు పాటలు కట్టుకోవడం, మధ్యలో బొండకొయ్య, మామూలే. ఏటా ఒక ఫోర్మన్ మెడా చేతులూ అందులో బిగించి, వాడి తప్పులన్నీ పాటగా పాడి, నోట్లో బీరు పోసి వదిలేస్తాం కదా. ఈసారి మా బల్లల వాళ్ళు కొన్సెక్ పేరు అరిచారు.

వాడు వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. తెల్ల ఈకల టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఎవరూ ముట్టుకోకుండానే వెళ్ళి మెడ పెట్టాడు. నేను గిటారు తీశాను.

మొదటి చరణానికి ఒక్కడూ నవ్వలేదు. రెండో చరణానికి బూట్లు మొదలయ్యాయి. మూడో చరణంలో వాడి పేరు రాగానే మగ్గు ఎగిరింది. దళసరి గాజు మగ్గు, సరిగ్గా ఎడమ కంటి మీద పడింది. చేతులు బిగించి ఉన్నాయి కదా, అడ్డం పెట్టుకోలేకపోయాడు. నెత్తురు చెక్క మీద కారుతోంది. ఇంకో రెండు మగ్గులు. ఒకడు బెంచీ ఎత్తి పక్కటెముకల్లో పొడిచాడు.

నేను ఆపలేదక్కా. చూస్తూనే మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నాను. అప్పుడు తల వంచినట్టే ఉంచి వాడేమన్నాడో తెలుసా? "తాళం పరిగెడుతోంది లోయ్జిక్. నిదానంగా," అన్నాడు. ఎంత పొగరో చూడు!

అంబులెన్సు వచ్చింది. కన్ను పోయిందన్నారు. నేను వేలు కూడా ఎత్తలేదు. పాడానంతే. పేరు పెట్టమన్నది ఎజ్రా, పెట్టమన్నది నువ్వు, పెట్టాను. మరి రెండు రోజుల నుంచి అన్నం ఎందుకు దిగడం లేదో నాకు తెలియదు. మనం చేసింది సరైన పనేనని రాయి. తొందరగా రాయి.

ఆలోయ్జ్


కరోలింకా
24 ఫిబ్రవరి 1982

ఒతీలియాకి,

నవంబరులో రాసిన నీ ఉత్తరం పోయిన వారం వచ్చింది. డిసెంబరులో సైనిక పాలన పెట్టి సైన్యం దిగాక టపా అంతా ఎక్కడో పడి ఉందట. కవరు కోసి మళ్ళీ అంటించి "పరిశీలించబడినది" అని ముద్ర కొట్టారు. అంటే నువ్వు రాసిందంతా ఏదో ఆఫీసులో ఒకడు కూర్చుని చదివాడు. అందుకే ఇది టపాలో వెయ్యకుండా అటు వస్తున్న ఒకతని చేత పంపుతున్నాను.

చదివాక గిటారు గోడకేసి కొట్టాను. మెడ విరిగింది. తర్వాత ఆ మెడతోనే కిటికీలు కొట్టాను. పక్కింటివాళ్ళు మిలీషియా పోలీసులు అనుకుని తలుపులు వేసుకున్నారు.

అవును, ఆ మాట నేనే అన్నాను. అలాగే అన్నాను, మొహం చూపించకని.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కొన్సెక్ ఇంటికి వెళ్ళాను. కంటికి గుడ్డ కట్టుకుని, పొయ్యి మీద కొన్ని దుంపలు వేగుతుంటే మిగతావి చెక్కు తీస్తున్నాడు. నేను మోకాళ్ళ మీద పడ్డాను. "లే. నేల తడిగా ఉంది," అన్నాడు. ఉత్తరం లాక్కుని ఒంటికంటితో మొత్తం చదివి, పొయ్యిలో పడేసి, ఇనప చువ్వతో బూడిద అయ్యేదాకా పొడిచాడు. అప్పుడు వచ్చింది కోపం.

"మీ అక్కకి బుర్రుందా? ఇట్టాంటివి కాయితం మీద పెడతారా ఎవరైనా?"

"అందరికీ నిజం చెప్పేస్తాను," అన్నాను.

"చెప్పు. రేపే హిల్డా పింఛను ఆపేస్తారు. ఇద్దరు పసోళ్ళకి ఏం పెడతావు, బ్లూస్ పాడి పెడతావా?"

"మరి మీ కన్ను?"

"పోయిన కన్ను పింఛను ఆపితే వస్తదా? ఫో. దుంపలు మాడతన్నాయి."

హిల్డా ఇంటికి పోస్టుమాన్ వెళ్ళిన ప్రతిసారీ నా గుండె ఆగుతోంది. నీ ఉత్తరం చదివినవాడు ఒక్క మాట పైకి చేరవేస్తే చాలు. నిజం చెబితే హిల్డా, పిల్లలు రోడ్డున పడతారు, చెప్పకపోతే ఆయన పేరు ఎప్పటికీ అలాగే ఉంటుంది. పిల్లలు వీధిలో తాడాట ఆడుతూ ఆ పాట పాడుతున్నారు.

నువ్వు బోఖుమ్‌లో కూర్చుని జోలపాట అన్నావు, భయమైతే చింపెయ్ అన్నావు. మగ్గు నేను విసరలేదు, నువ్వూ విసరలేదు. కాని ఆ కన్ను మన ఇద్దరి చేతుల్లోనే ఉంది. నీకు నిద్ర పడుతోందా?

ఆలోయ్జ్


బోఖుమ్
14 మార్చి 1982

లోయ్జిక్,

ఇవాళ్టికి తమ్ముడు పోయి ఏడాది. గుడిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చి రాస్తున్నాను.

ముందుగా ఈ కవరు తెరిచే బాబుకి ఒక మాట. నువ్వెవరో నాకు తెలియదు. శీతాకాలంలో నా పాత ఉత్తరం చదివింది కూడా నువ్వే అయితే, చదివి ఊరుకున్నావు, నీ పిల్లలు చల్లగా ఉండాలి. దీని వెనకే పార్సిల్ వస్తోంది. అందులో రెండు కాఫీ పొట్లాలున్నాయి. ఒకటి తీసుకో నాయనా, దొంగతనం కాదు, నేనే ఇస్తున్నాను. గిటారు తీగలు మాత్రం ముట్టుకోకు.

ఇక నీకు. నాకు నిద్ర పట్టడం లేదు. ఎందుకో చెబుతాను, ఆ తర్వాత ఇక ఉత్తరాలు రాయవద్దనుకుంటే రాయకు.

ఎసెన్‌లో ఎజ్రా ముసలాయన చెప్పింది నేను నీకు సగమే రాశాను. "నిన్ను గాయపరిచినవాడి పేరు పాటలో చెప్పాలి," అన్నాడు, నిజమే. దాని వెంటనే ఇంకో మాట అన్నాడు. "అయితే ముందు అదే చోట నీ పేరు పెట్టి పాడి చూడమ్మాయ్. నీ పేరుకి ఆ చరణం నిలబడితే ఆ పాట నీదే. నిలబడకపోతేనే ఇంకొకడి పేరు పెట్టు. నేను ప్రతి పాటలో నన్నే ముందు పిలుస్తాను," అన్నాడు. తన పేరు తనే ఎందుకు పిలుచుకుంటాడని నువ్వు అడిగిన దానికి అదే జవాబు. నువ్వు అడిగినప్పుడే అది నాకు గుర్తుంది. కావాలనే రాయలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. అప్పుడు నాకు కొన్సెక్ నెత్తురు కావాలనిపించింది లోయ్జిక్, అంతే. దూరంగా ఉన్నదాన్ని కదా, నాకు అది కళ్ళ చూడాల్సిన పని లేదు. లాండ్రీలో కళ్ళకి కట్టు కట్టినవాళ్ళ తలగడ గలీబులు వస్తాయి. ఇప్పుడు వాటిని వేరే వాళ్ళకి ఇచ్చేసి నేను నేల తుడుస్తున్నాను.

ఎవరి సంగతీ బయటపెట్టకుండా ఆ పాటలోంచి కొన్సెక్ పేరు తీసెయ్యడానికి నాకు ఒకటే దారి కనిపిస్తోంది. నీ పేరు పెట్టి పాడి చూడు. నిలబడితే, నా పేరు కూడా పెట్టు.

ఒతీలియా


కరోలింకా
5 డిసెంబర్ 1982, ఆదివారం

అక్కా,

తొమ్మిది నెలలు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. కాఫీ ఒక్క పొట్లమే చేరింది. తీగలు చేరాయి. హిల్డా పింఛను నెలనెలా వస్తోంది. ఆ కాఫీ ఎవరు తాగారో గాని వాడికి దేవుడు మేలు చెయ్యాలి.

గిటారు మెడ అతికించుకోవడానికి వేసవి పట్టింది. పాట మార్చడానికి ఇంకా ఎక్కువ పట్టింది. నిన్న బార్బరమ్మ పండుగ. సైనిక పాలన కదా, ఈసారి విందుకి ఎనభై మందికే అనుమతి, గుమ్మం దగ్గర ఇద్దరు తుపాకులతో నిలబడ్డారు. కొన్సెక్ వచ్చాడు, ఎడమ బల్లల చివర కూర్చున్నాడు. ఆయన పక్కన కొత్త ఫోర్మన్ ఒకడు తప్ప ఎవరూ కూర్చోలేదు.

బొండకొయ్యలోకి ఎవర్ని పిలుద్దామని కేకలు మొదలవగానే నేనే వెళ్ళి మెడ పెట్టాను. "బిగించండి," అన్నాను. చేతులు అందులో ఉంటే గిటారు ఎలాగూ లేదు, ఒట్టి గొంతుతోనే మొదలుపెట్టాను.

రుఫిన్‌ని తొందరపెట్టిందెవరు? ఆలోయ్జ్ తొందరపెట్టాడు.
నాలుగింటికి రాకపోతే నీ మొహం చూపించకన్నాడు.
కొన్సెక్ కన్ను తీసిందెవరు? ఆలోయ్జ్ పాడి తీశాడు.
నెత్తురు చూసి కూడా ఆలోయ్జ్ మళ్ళీ మొదటి నుంచి పాడాడు.

రెండో చరణం నడుస్తుండగానే గొడవ మొదలైంది. తప్పు నాదైతే పోయినేడు మగ్గులు విసిరినవాళ్ళు ఏమవుతారు? "వీడికి డబ్బు ముట్టింది!" అన్నాడొకడు. ఇంకొకడు బీరు మొహాన కొట్టాడు. బెంచీలు లేచాయి. గుమ్మం దగ్గర తుపాకీ వాళ్ళు లోపలికి రెండడుగులు వేశారు. పక్కటెముకల్లో రెండు తగిలాయి. పోయినేడు ఆయనకి తగిలింది ఇలాగే ఉంటుందని లెక్కపెట్టుకుంటూ పాడుతున్నాను.

అప్పుడు కొన్సెక్ లేచి వచ్చాడు. అందరూ తప్పుకున్నారు. నా ముందు నిలబడి ఆ ఒక్క కంటితో చూశాడు. తర్వాత పిడికిలి బిగించి నోటి మీద గుద్దాడు. ముసలాడి చెయ్యి అనుకునేవు, ముప్ఫై ఏళ్ళు బొగ్గు తవ్విన చెయ్యి. పై పళ్ళు రెండు నాలుక మీదకి వచ్చాయి.

"ఇది నా పావురాలకి," అన్నాడు.

ఆయన కన్ను గురించి ఒక్క మాట అనలేదు. వెళ్ళి కూర్చుని, బూటు నేలకి ఒకసారి కొట్టాడు. "మొదట్నుంచి. నిదానంగా," అన్నాడు. నెత్తురు ఉమ్మి మొదటి నుంచి ఎత్తుకున్నాను. రెండు చరణాల దాకా ఆయన బూటు ఒక్కటే మోగింది. తర్వాత కుడి బల్లల్లో ఎవరో కలిపారు. చివరికి ఎంతమంది కలిపారో నాకు తెలియదు, మెడ తిరగదు కదా. విరిగిన పక్కటెముక మాత్రం ప్రతి దెబ్బకీ అదిరింది.

పాట కార్డు ఇవాళ పొద్దున్నే చెక్కించాను. ఈసారి బొమ్మ కొండల మీద గొర్రెలు. మధ్యలో బుసకొట్టినట్టు వినిపిస్తే సూది మార్చకు, అది నా పళ్ళ సందులోంచి వచ్చే గాలి.

నీ పేరు నాలుగో చరణంలో ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆ కొత్త ఫోర్మన్ కొన్సెక్ వైపు వంగి, "ఈ ఒతీలియా ఎవరు?" అని అడిగాడట.

"రుఫిన్ వాళ్ళక్క. మంచి పిల్లే," అన్నాడట కొన్సెక్, బూటు ఆపకుండా. "ఉత్తరాలు మాత్రం రాయకూడదు."

నువ్వు మాత్రం రాయి.

ఆలోయ్జ్